ముక్కుపిన్ని చూసింది

ఏదైనా పాడైపోయిందని తెలుసుకోవడానికి ముక్కుపిన్నికి కళ్ళతో పనిలేదు. వీధి మలుపులోనే తెలిసిపోతుంది. ఏ ఇంట్లో పాలు విరిగాయో, ఏ మెట్ల కింద ఎలుక చచ్చిందో, బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి చొక్కా ఎన్నాళ్ళుగా ఉతకలేదో ఆమె ముక్కు చెప్పేస్తుంది. అదేదో వరం అనుకునేరు. అలాంటి ముక్కు పెట్టుకుని యాభై ఎనిమిదేళ్ళు మనుషుల మధ్య బతకడమంటే రోజుకి పదిసార్లు కడుపులో దేవడమే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, చూడడానికి వచ్చిన ఇద్దరూ కంపు కొట్టారని చెప్పేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

ఆ ముక్కుకి ఉద్యోగం ఇచ్చింది వీధి చివరి కొట్టు. వండినవి డబ్బాల్లో పెట్టి అమ్మే కొట్టు అది. గాజు బీరువాలో ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్ల సలాడ్, కాల్చిన కోడి, ఊరవేసిన దోసకాయ ముక్కలు, నాలుగు రకాల చీజ్. పనులకు పోయేవాళ్ళు, వంటంటే బద్ధకించేవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు అక్కడే కొనుక్కుపోతారు. ముక్కుపిన్ని పాతికేళ్ళుగా అక్కడ వంటమనిషి. కానీ ఆమె అసలు పని పొయ్యి వెలిగించకముందే మొదలవుతుంది. పొద్దున్న ఆరింటికల్లా వచ్చి, చన్నీళ్ళతో మొహం కడుక్కుని, కాఫీ కూడా ముట్టకుండా, ఫ్రిజ్‌లో ఉన్న డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి వాసన చూస్తుంది. బాగున్నది కుడివైపు అరలోకి, బాగాలేనిది సింకు కిందికి. ఒకే డబ్బాని రెండోసారి ముక్కు దగ్గర పెట్టుకుందంటే దాని పని అయిపోయినట్లే. ఆ పనికి అడ్డొస్తుందని ఆమె తలకి నూనె రాయదు, మొహానికి పౌడరు అద్దదు.

ఆ కొట్టుకి ఇంకో అలవాటుంది. ప్రతి పొట్లానికీ ఒక కాగితం చుట్టి ఇస్తారు. ఒకవైపు ఆ వారం వంటకం, రెండోవైపు వీధి కబుర్లు: ఎవరి పిల్ల పరీక్ష గట్టెక్కింది, ఎవరి పిల్లి తప్పిపోయింది, దర్జీ మోకాలి ఆపరేషన్ ఎలా జరిగింది. వంటకం చెప్పేది ముక్కుపిన్ని. శనివారం మధ్యాహ్నం గరిటె తిప్పుతూ నోటికొచ్చినట్టు చెబుతుంటే, కొట్టు షావుకారు కోడలు పక్కన స్టూలు మీద కూర్చుని కంప్యూటర్‌లో కొట్టుకుంటుంది. మూడేళ్ళ క్రితం ఆ అమ్మాయి సరదాకి వంటకం కింద ఒక ముక్క చేర్చింది. 'ముక్కుపిన్ని చూసింది. తినొచ్చు.' జనానికి అది తెగ నచ్చేసింది. ఆ ముక్క లేని కాగితం వస్తే ఏమైందని అడిగేవాళ్ళు. షావుకారు మాత్రం కబుర్ల వైపే చదివేవాడు. ఆయన ఫొటో ఉండేది అటే. వారం వారం అదే ఫొటో, అదే ఇకిలింపు. వంటకం వైపు తిప్పి చూసిన పాపాన పోలేదు.

ఆ కాగితాన్ని రెండువైపులా చదివేవాడు ఒక్క డ్రాయింగు మాస్టారే. డెబ్భై దాటిన మనిషి, బడి నుంచి ఎప్పుడో రిటైరయ్యాడు. రోజూ పదకొండింటికి గుడ్డ సంచి పుచ్చుకుని వస్తాడు. ఆరేళ్ళ కిందట ఏదో జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ ఆయన వాసన పట్టుకుపోయింది. మల్లెపూవూ మురిక్కాలువా ఒక్కటే ఆయనకి. ఒకసారి గ్యాస్ లీకై పక్కింటివాళ్ళు తలుపు బాదేదాకా తెలియలేదు. అప్పటినుంచీ తన గదిలో వండుకోవడం మానేశాడు. వీధి వీధంతా పిన్నీ అనే ఆమెని ఆయన ఒక్కడే చెల్లెమ్మా అంటాడు. "నాకు ముక్కు నువ్వే చెల్లెమ్మా, నువ్వు చూశావంటే కళ్ళు మూసుకుని తినేస్తాను" అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అన్నప్పుడల్లా ముక్కుపిన్ని కసురుకునేది. కానీ పొద్దున్నే డబ్బాల మూతలు తీసేటప్పుడు ఆమె మనసులో మెదిలేది ఆ ముసలాయనే. మిగతావాళ్ళకి తమ ముక్కులు తమకున్నాయి. ఆయనకున్నది ఆమె మాట ఒక్కటే.

మరి ఆ మాట ఎలా కుళ్ళిందో చెప్పాలి.

ఒక ఆదివారం, కొట్టుకి సెలవు రోజు, కరెంటు పోయి చాలాసేపటిదాకా రాలేదు. సోమవారం పొద్దున ముక్కుపిన్ని ఫ్రిజ్ తలుపు తీయగానే వెనక్కి ఒక అడుగు వేసింది. కోడీ, గుడ్లూ సంగతి సరే, తీసి అవతల పెట్టింది. రెండు పెద్ద డబ్బాల నిండా ఉడికించిన బంగాళాదుంపలు ఉన్నాయి, మీగడ కలిపినవి. మూత తీస్తే పైన తెల్లటి నురగ. గరిటె ముంచి ఎత్తితే చీమిడిలా సాగింది. పుల్లటి కంపు గొంతు వెనక్కి పోయి అక్కడే కూర్చుంది. ఆమె రెండోసారి వాసన చూడలేదు. ఛీ, పారేయండని షావుకారుతో చెప్పి సింకు కిందికి తోసింది.

ఆయన అలాగేలే అన్నాడు. పది నిమిషాల తర్వాత ఆమె ఓవెన్ తుడుస్తూ వెనక్కి తిరిగి చూస్తే, చొక్కా చేతులు పైకి మడిచి ఆ దుంపల్ని జల్లెడలో పోసి కుళాయి కింద కడుగుతున్నాడు. జిగట పోయేదాకా ఒకసారి, కంపు పోయేదాకా ఇంకోసారి, తన తృప్తికి మూడోసారి. తర్వాత సీసాడు వెనిగర్, గుప్పెడు మిరియాల పొడి, కొత్త మీగడ. కోడల్ని పిలిచి, ఈ వారం వంటకం మార్చెయ్, పుల్ల దుంపల సలాడ్ అని ఏదో ఒకటి రాసి పడెయ్ అన్నాడు. కోడలు ముక్కుపిన్ని వైపు చూసింది. ముక్కుపిన్ని ఓవెన్ వైపు చూసింది. తిలాపాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు పెద్దలు.

పదకొండింటికి మాస్టారు వచ్చాడు. వరసలో నిలబడి, కాగితం చదివి, కొత్త వంటకమని సంబరపడి అరకిలో తీసుకున్నాడు. కాగితం కింద అదే మాట ఉంది. 'ముక్కుపిన్ని చూసింది. తినొచ్చు.' ఆమె గాజు బీరువా వెనకాలే నిలబడి ఉంది, చెయ్యి చాపితే పొట్లం అందేంత దూరంలో. వెనక ఎనిమిదిమంది ఉన్నారు, పక్కన షావుకారు ఉన్నాడు. మాస్టారు పొట్లం ఎత్తి చూపించి నవ్వాడు. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు. ఊపింది, అంతే. ఆ ఊపు తల్చుకుంటే ఆమెకి ఇప్పటికీ రోత పుడుతుంది.

మంగళవారం మాస్టారు రాలేదు. బుధవారమూ రాలేదు. దర్జీ వచ్చి రాత్రంతా కడుపు పట్టుకున్నానని, ఆపరేషన్ మాత్రలు పడినట్టు లేవని చెప్పాడు. ఆస్పత్రి నర్సు తన ఇంట్లో నలుగురికీ వాంతులని, బయట ఏదో గాలి తిరుగుతోందని అంది. ఒక్కరూ కొట్టుని అనుమానించలేదు. కాగితం మీద మాట ఉంది కదా.

గురువారం పని కాగానే ముక్కుపిన్ని మాస్టారి గదికి వెళ్ళింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మీదే ఆమెకి తెలిసిపోయింది. తలుపు తీసిన మనిషి నాలుగు రోజుల్లో సగమయ్యాడు. మంచం పక్కన బక్కెట్టు, దాని మీద వార్తాపత్రిక. కిటికీలు మూసే ఉన్నాయి, తెరవాలని ఆయనకి తెలియదు పాపం. బల్ల మీద చెక్కిన పెన్సిళ్ళు పొడవు ప్రకారం పేర్చి ఉన్నాయి, వాటి పక్కన ఒక లావుపాటి ఫైలు. ఆమె కిటికీలు తెరిచి, బక్కెట్టు కడిగి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన సిగ్గుపడిపోయాడు.

"పొరపాటు నాదే చెల్లెమ్మా. గిన్నె సరిగ్గా కడిగి ఉండను. పదార్థంలో తేడా ఉండదు, నువ్వు చూశావు కదా. మిగిలింది దాచాను, ఒంట్లో కాస్త కుదురుకున్నాక తింటా" అన్నాడు.

ఆమె గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్ తెరిచింది. పుల్ల దుంపలు సగం అలాగే ఉన్నాయి. మూత తీయగానే వెనిగర్ కిందనుంచి అసలు రంగు బయటపడింది. పైన పటారం లోన లొటారం. మళ్ళీ మూత బిగించి, ఆ డబ్బా సంచిలో వేసుకుంది. చెబుదామనుకుంది. నోరు తెరిచింది కూడా. ఆయన ఫైలు తెరిచి చూపిస్తున్నాడు. మూడేళ్ళ కాగితాలు, ఒక్క వారం కూడా పోకుండా, వంటకం వైపు పైకి ఉండేలా. తెరిచిన నోరు మూసుకుని, రెండు రోజులు ఏమీ తినకండని మాత్రం చెప్పి మెట్లు దిగింది. తేలు కుట్టిన దొంగకి, ఆమెకి ఆ పూట తేడా లేదు. షావుకారు మీద ఎంత రోత పుట్టిందో, తన మీద తనకి అంతకు నాలుగింతలు పుట్టింది.

శుక్రవారం ఆమె డబ్బా తీసుకెళ్ళి షావుకారు ముక్కు కింద పెట్టింది. ఆయన ముక్కు మూసుకోలేదు. రోజూ తలకి పూసుకునే అత్తరు వాసనలో ఇంకేదీ తెలిసే మనిషి కాడు. వెనిగర్ పోశాక ఏ పురుగు బతుకుతుందని, ఎవరూ చావలేదు కదా అని అడిగాడు. అయితే నా మాట కాగితంలోంచి తీసేయండి, ఇకనుంచి రాయొద్దు అంది ఆమె.

షావుకారు నవ్వాడు. ఫొటోలో నవ్వే.

"ఆ మాట చూసే జనం వస్తున్నారు పిన్నీ. తీయడం కుదరదు. పాతికేళ్ళుగా ఇక్కడ ఉన్నావు, ఆ ముక్కు ఇప్పుడు నీది కాదు, కొట్టుది."

ఆమె డబ్బా మూత పెట్టి ఇంటికి పోయింది.

శనివారం మధ్యాహ్నం మామూలుగానే కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. ముక్కుపిన్ని ఉల్లిపాయలు వేయిస్తూ వంటకం చెప్పడం మొదలుపెట్టింది.

"వారం నాటి ఉడికించిన దుంపలు రెండు డబ్బాలు తీసుకోవాలి. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉంచినవైతే మరీ మంచిది. పైన తెల్లటి నురగ కట్టాలి. గరిటెకి జిగట సాగాలి. సాగకపోతే ఇంకో పూట ఆగండి."

కోడలి వేళ్ళు ఆగిపోయాయి. ముక్కుపిన్ని ఆమె వైపు చూడకుండా ఉల్లిపాయలు తిప్పుతూనే ఉంది. కాసేపటికి మళ్ళీ టకటకమని చప్పుడు మొదలైంది. ఆ అమ్మాయి తల వంచుకుని కొడుతోంది. ఆమె చిన్న కొడుక్కీ ఆ వారం వాంతులయ్యాయని ముక్కుపిన్నికి తర్వాతెప్పుడో తెలిసింది.

"జల్లెడలో పోసి మూడుసార్లు కడగాలి. మొదటిసారి జిగటకి, రెండోసారి కంపుకి, మూడోసారి మనసుకి. సీసాడు వెనిగర్, గుప్పెడు మిరియాల పొడి, కొత్త మీగడ. వాసన తెలియనివాళ్ళకి ముందుగా వడ్డించాలి."

"కింద ఎప్పుడూ రాసే మాట?" అని కోడలు మెల్లగా అడిగింది.

"రాయి. ముక్కుపిన్ని చూసింది. పారేయమంది."

సోమవారం పొద్దున షావుకారు కబుర్ల వైపు తన ఫొటో సరిగ్గా పడిందో లేదో చూసుకుని, ఆ కాగితాల్ని స్వయంగా తన చేత్తో పొట్లాలకి చుట్టి ఇచ్చాడు. పదకొండింటికల్లా అరవై పొట్లాలు పోయాయి. మొదట దర్జీ కుంటుకుంటూ తిరిగొచ్చాడు, చేతిలో కాగితం పట్టుకుని. వెనకే నర్సు. తర్వాత వరసలో ఉన్నవాళ్ళంతా ఒకరి భుజం మీంచి ఒకరు చదవడం మొదలుపెట్టారు. షావుకారు అప్పుడు, మొట్టమొదటిసారి, కాగితం తిప్పి రెండోవైపు చదివాడు.

మాస్టారు ఆ గొడవలోకే వచ్చాడు. దర్జీ చేతిలోని కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. నేరుగా గాజు బీరువా దగ్గరికి వచ్చాడు.

"మా గదికి వచ్చినరోజు నీకు తెలుసా చెల్లెమ్మా?"

"తెలుసు మాస్టారూ. కొన్న రోజే తెలుసు."

ఆయన తల ఊపాడు. ఆమె ఆ రోజు ఊపినట్టే. కాగితాన్ని మడిచి సంచిలో వేసుకోకుండా బీరువా మీద పెట్టి వెళ్ళిపోయాడు. ముక్కుపిన్ని ఏప్రాన్ విప్పింది. పొమ్మని చెప్పేంత ఊపిరి షావుకారుకి అప్పటికి లేదు. ఆమె పొమ్మనకుండానే పోయింది.

ఆ తర్వాత పదిరోజులు ఇంట్లోనే కూర్చుంది. వీధిలో ఆమెని మెచ్చుకున్నవాళ్ళున్నారు, ముందే చెప్పి ఏడవొచ్చుగా అని తిట్టినవాళ్ళున్నారు. రెండోవాళ్ళ మాటే నిజమని ఆమెకి తెలుసు. పొద్దున్న ఆరింటికి లేచి మొహం కడుక్కునేది, మూతలు తీయడానికి డబ్బాలు ఉండేవి కావు. తన చేతుల్నే వాసన చూసుకునేది. ఎంత తోమినా పుల్లగానే అనిపించేవి.

పదకొండో రోజు తలుపు చప్పుడైంది. మాస్టారు. మూడంతస్తులు దిగి, వీధంతా నడిచి, రెండంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు. గుడ్డ సంచిలోంచి ఒక గిన్నె తీసి, మూత ఉంచే ఆమె చేతికిచ్చాడు. కొట్టు తిండి మానేశాక మళ్ళీ పొయ్యి వెలిగించి పప్పు ఉడికించుకున్నాడట, ఎప్పటిదో గుర్తులేదట. పలకరింపు లేదు, చెల్లెమ్మా అనలేదు.

"చూసి పెట్టు" అన్నాడు.

ఆమె మూత తీసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ కంపుకో దేనికో.

"ఛీ, పారేయండి" అంది.

మాస్టారు ఇంకో మాట అడగకుండా గిన్నె తీసుకెళ్ళి ఆమె చెత్తబుట్టలో బోర్లించాడు.