మా ఆదివారపు కవాతు

తెలంగాణ ఉద్యమం నాటికి నేను కేసముద్రంలో ఇంటర్ చదువుతున్నాను. మార్కెట్ యార్డుకు ఎదురుగా, ఒక పత్తి వ్యాపారి మేడమీద హాల్లో ప్రతి ఆదివారం మా యువజన సంఘం కూడేది. పదవీ విరమణ చేసిన చరిత్ర సారు దాన్ని నడిపేవారు. జెండా వందనం, కవాతు, తర్వాత పాఠం. కాకతీయుల చెరువుల గురించి, రజాకార్లకు ఎదురు తిరిగిన జనగామ పల్లెల గురించి చెప్పేవారు. చివరికి ఒక్కొక్కరం లేచి మాట్లాడాలి. సినిమాల్లో వెక్కిరించే మా యాసలోనే మాట్లాడమనేవారు. నలుగురిలో నోరు విప్పడం నాకు అక్కడే వచ్చింది.

ఎదురుగా యార్డులో కవాతు నేర్పేది దంతాలపల్లి నుంచి వచ్చే ఒక అన్న. డిగ్రీ చదివేవాడు. ఎండకు ఎవరికి కళ్లు తిరుగుతున్నాయో వాళ్లకంటే ముందే కనిపెట్టి నీడకు పంపేవాడు.

ఉద్యమం ముదిరాక పాఠం మారింది. రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్న ఒక విద్యార్థి ఫొటోను సారు గోడకు తగిలించారు. కొన్నాళ్లకు దాని పక్కన ఇంకొకటి, తర్వాత మరొకటి. అన్నీ మా వయసు ముఖాలే. పాఠానికి ముందు వాటి ఎదుట మౌనంగా నిలబడేవాళ్లం. కింద లారీల చప్పుడు వినిపిస్తుండేది. ఆ ముఖాలు మాలో ఎవరినో వెతుకుతున్నట్టు ఉండేది నాకు.

మాలో బాగా మాట్లాడేది నా స్నేహితురాలు. పక్క తండా పిల్ల. ఒక ఆదివారం లేచి, “వాళ్లు పానాలిచ్చిండ్రు. మనమేమిచ్చినం? మాటలిచ్చినం, గంతే” అంది. అందరం చప్పట్లు కొట్టాం. సారు కూడా కొట్టారు. అన్న కొట్టలేదు.

మరుసటి వారం ఆమె తన వెండి పట్టీలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నువ్వే పెట్టుకో. నాకేం పని ఇంక?”

తిన్నగా అన్న దగ్గరికి పోయి చెప్పాను.

“గిది మంచిగ లేదు చెల్లె. ఇప్పుడే వాళ్లమ్మకు చెప్పాలె,” అని నన్ను ఆటోలో తండాకు తీసుకుపోయాడు.

ఆమె తల్లి చేలో పత్తి ఏరుతోంది. మా మాట మొత్తం విని ఒడిలోని పత్తిని కుప్పలో పోసింది. “సదువుకని తోలిస్తే గిట్లెందుకైతది బిడ్డా?” అని మాత్రం అడిగింది.

తర్వాతి ఆదివారం ఆ తల్లి హాలుకు వచ్చింది. కూతురి మణికట్టు పట్టుకుని పాఠమంతా వెనక కూర్చుంది. అందరూ లేచాక సారు దగ్గరికి పోయింది.

“సారూ, నీ గోడ మీదోళ్లందరు మంచోళ్లే. నా బిడ్డ గంత మంచిది కావద్దు.”

“నేను చెప్పేది చరిత్రేనమ్మా,” అన్నారు సారు.

ఆ వారంలోనే ఆమె కూతురిని వెంటబెట్టుకుని మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు వెళ్లిపోయింది. మేం ఊపిరి పీల్చుకున్నాం. “ఇంక ఫికర్ లేదు చెల్లె,” అన్నాడు అన్న. ఆ రోజు కవాతు కూడా ఎప్పటిలాగే చేయించాడు.

మిర్చి కోతలు ఇంకా అయిపోకముందే ఒక ఉదయం పేపర్లో అన్న ఫొటో వచ్చింది. ప్రాణం తీసుకున్నాడని కింద రాశారు.

ఆ ఆదివారం మేం వెళ్లేసరికి హాలు గోడలు ఖాళీగా ఉన్నాయి. సారు మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, “ఎవరి మనసుల ఏమున్నదో జర చెప్పుండ్రి,” అన్నారు. మాట్లాడటం నేర్చుకున్న వాళ్లమే అందరం. ఒక్కరికీ నోరు రాలేదు. తర్వాత పిల్లలు తగ్గిపోయారు, హాలుకు తాళం పడింది.

ఎండాకాలంలో స్నేహితురాలు తిరిగొచ్చింది. మిర్చి ఘాటుకు వేళ్ల మీద తోలు లేచిపోయింది. అన్న సంగతి చెప్పాను.

“అందరు నన్నే చూసిండ్రు. అన్నను ఎవ్వరు చూడలే,” అంది.

రాష్ట్రం వచ్చిన రోజు యార్డులో రంగులు చల్లుకుంటుంటే మేమిద్దరం దంతాలపల్లి బస్సెక్కాం. అన్న వాళ్ల బాపు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అన్న దగ్గర కవాతు నేర్చుకున్నవాళ్లమని చెప్పాం. మమ్మల్ని కూర్చోమన్నాడు.

“ఇంట్ల ఒక్క మాట మాట్లాడకపోతుండె. మీతోనన్న మాట్లాడుతుండెనా బిడ్డా?”

మాట్లాడేవాడన్నాం. ఏం మాట్లాడేవాడని అడుగుతాడేమోనని తల వంచుకుని కూర్చున్నాం.