సాహితి ఫలకం మీద శని గుర్తు

2021లో నేను బర్మింగ్‌హామ్‌లోని ఒక రాతి చెక్కుడు వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. ఎక్కువగా స్మారక ఫలకాలు చెక్కేదాన్ని. అప్పుడప్పుడు కోట్ ఆఫ్ ఆర్మ్స్ పని వచ్చేది. అంటే ఒక మనిషికో కుటుంబానికో అధికారికంగా మంజూరయ్యే డాలు చిహ్నం.

ఆ నవంబర్‌లో సుధాకర్ అంకుల్ వచ్చారు. రిటైరైన జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్. ఆయన కూతురు సాహితి శనిగ్రహం వలయాల మీద పరిశోధన చేసేది. తండ్రి తన పేరున దరఖాస్తు చేసుకున్న డాలు చిహ్నానికి డిజైన్ ఎంచుకున్నది ఆ పిల్లే: నల్లటి డాలు, మధ్యలో బంగారు రంగు శని గుర్తు. మంజూరు పత్రం ఇంటికొచ్చేసరికి ఆమె లేదు. లుకేమియా. ఇరవై తొమ్మిదేళ్లు. క్రిమటోరియం తోటలో పెట్టే ఫలకం మీద ఆ డాలు ఉండాలని అంకుల్ కోరిక.

నేను రాతి మీద గీతలు గీస్తుండగా ఆయన భార్య వసుంధర ఆంటీ ఒంటరిగా వచ్చారు.

“అమ్మాయ్, ఆ గుర్తు తీసెయ్యి.”

“కుదరదు ఆంటీ. బ్లేజన్‌లో ఉంది.” బ్లేజన్ అంటే డాలు మీద ఏముండాలో చెప్పే అధికారిక వర్ణన. గీసే తీరు మార్చుకోవచ్చు, గుర్తు మార్చకూడదు. అక్కడితో ఆగానా? “ఇది మన జాతకాల శని కాదు. పాతకాలపు బ్లేజన్‌లలో రంగులకు కూడా గ్రహాల పేర్లు పెట్టేవాళ్లు. నలుపంటే శని” అని క్లాసు పీకాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మూఢనమ్మకం అనుకుని ఉలి అందుకున్నాను.

ఫలకం బిగించిన రోజు ఆంటీ కారు దిగలేదు. నేను టీ పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను. కప్పు చేతిలో పెట్టుకుని చెప్పారు.

“వార్డులో మంచం ఎదురుగా శని ఫొటో అంటించుకుంది. ఒకరోజు తట్టుకోలేక చింపేశాను. ఈ శనే నిన్ను మింగుతోందే అన్నాను. ‘ఓకే అమ్మా’ అని గోడవైపు తిరిగింది. తెల్లారేసరికి ఐసీయూ. ఇక మాట్లాడలేదు. అది చూస్తే నా నోటి మాటే కనిపిస్తుంది.”

“ఆ రోజే చెప్పుంటే...”

“నువ్వు అడగలేదుగా.”

కొత్త ఫలకం నా ఖర్చుతో చేసిస్తానన్నాను, గుర్తు లేకుండా, పేరు మాత్రమే. ఆవిడ తల అడ్డంగా ఊపారు. “ఉండనీ. దానికి ఇష్టమైంది. ఒకసారి చింపింది చాలు.”

ఇది రాస్తానంటే ఆవిడే ఒప్పుకున్నారు. అంకుల్ ప్రతి ఆదివారం తోటకు వెళ్తారు. ఆవిడ ఈ రోజుకీ ఆ ఫలకం దగ్గరికి వెళ్లలేదు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఫలానాది తీసెయ్యమంటే, కుదురుతుందో లేదో వెంటనే చెప్పను. పెన్సిల్ పక్కన పెట్టి, “ఎందుకండీ?” అని అడుగుతాను. పదిహేనేళ్ల పనిలో ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు ఒక తల్లి దుఃఖం కావలసి వచ్చింది.