చూడని మొఖం

ఏండ్ల సంది గొంతుల ఒక మాట ఇరుక్కున్నది. మింగుదామంటే దిగది, కక్కుదామంటే రాదు. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే.

మా అన్న ఫౌజుల ఉండె. ఛుట్టీకి ఇంటికొచ్చి, అది అయినంక వాపసు పోయిండు. జవాన్లను, సామాన్లను మోసే ఫౌజు విమానంల పోతుంటే అది మంచుకొండల్ల కూలింది. చానా దినాలకు పెట్టె వచ్చింది. ఊరంత పెద్ద రోడ్డు మీది చిరాగ్‌పల్లి దాక ఎదురువోయిన్రు.

మా దిక్కు ఇంటోళ్లల్ల ఒక్కరన్న మొఖం చూడంది నిప్పు పెట్టరు. పెద్దమనుషులు నన్ను తోలిన్రు. దవాఖాన అర్రల నేను, ఆ పెట్టె, వెంబడి వచ్చిన ఫౌజు సారు. చూడకుంటేనే మంచిదని ఆయన హిందీల అన్నడు. మూత మీద చెయ్యి వెట్టిన. తియ్యలే. భయమైంది, అంతే, ఇంకో సాకు లేదు.

బయటికొస్తే ఎదురుంగ వదిన. ఏడుస్తలేదు.

"చూసినవా?"

"చూసిన వదినా. అన్ననే."

"మొన్న ఛుట్టీల గదువకు కుట్లు పడ్డయి గద. ఆ గాటు ఉన్నదా?"

ఆ ఛుట్టీల నేను పుణె దిక్కు లారీ మీద పోయిన, అన్నను చూడనే లేదు. "ఉన్నది" అన్న.

నా మొఖం దిక్కు జరసేపు చూసింది. ఇంకేం అడగలే. గాజులు పలగ్గొట్టనీకి తనే చేతులు సాపింది. పెట్టెను భుజం మీదికెత్తుకుంటే బరువే లేనట్టు అల్కగుండె. గంత అల్కగ ఎందుకుండె? లోపట ఉన్నది అన్ననేనా? అప్పుడు అడగలే, ఇప్పుడు ఎవర్నడగాలె?

మొన్న మా అన్న ముచ్చట అమ్మ తీస్తే కుట్ల సంగతి అడిగిన. "వానికి కుట్లేందిరా? ఛుట్టీ అంత నా కండ్ల ముందటనే ఉండె" అన్నది.

ఓర్నీ! అంటే వదిన నన్ను పరీక్ష వెట్టింది. నాది అబద్ధమని ఆమెకు అప్పుడే తెల్సింది. మరి చేతులెందుకు సాపింది? అందరి ముందట నా ఇజ్జత్ కాపాడనీకా? లేకుంటే లోపల్లోపల అన్న కోసం ఇంకా ఎదురుచూస్తున్నదా? తెల్వని నంబరు నుంచి ఫోనొస్తే పొయ్యి మీద రొట్టె ఇడిసి ఉరుకుతది. నాకు రొట్టె వేసేటప్పుడు ఆమె కండ్లల్ల ఏమున్నదోనని దొంగసూపు చూస్త. ఏం దొరకది.

నిప్పు పెట్టింది నేనే. ఎవరికి పెట్టిన్నో తెల్వదు. వదినకు చెప్పే ధైర్యం ఇయ్యాల్టికీ లేదు. నన్ను మాఫ్ చెయ్యమని నిన్ను అడగను. ఈ ఒక్క మాట ఇను చాలు, జర ఊపిరాడుతది.

నేను ఆ మొఖం చూడలే.