రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత

మా చిన్నప్పుడు... శామీర్‌పేట చెరువు కట్ట మీద దారి ఎడ్లబండి పట్టేంతే ఉండేది. ఒక పక్క నీళ్ళు... ఇంకో పక్క లోతుగా పొలాలు. బండి అంచుకు జరిగితే తప్ప పక్క నుంచి సైకిల్ కూడా పోదు. ఆ కట్ట మీదే నేను ఎనిమిదో తరగతికి సైకిల్ తొక్కుకుంటూ పోయేదాన్ని.

మా ఊళ్ళో బడి ఏడుతోనే ఆఖరు. సైకిల్ ఇచ్చేటప్పుడే నాయిన షరతు పెట్టాడు. "పడ్డవని గానీ, ఆలస్యమైందని గానీ బడి నుంచి మాటొస్తే సైకిల్ బంద్. ఇగ ఇంట్లనే."

అన్నాడంటే చేసే మనిషి...

ఆ సైకిల్‌కు రబ్బరు బుడ్డ హారన్ బిగించింది మా చిన్నాయిన. బొంబాయిలో సరుకు ఓడ మీద ఖలాసీగా పనిచేసేవాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. ఆయన ఓడ క్షేమంగా ఉండాలని పొద్దున ప్రార్థనలో అడగడం నా వంతు. కానీ ఓడ అంటే ఎట్లా ఉంటుందో నాకేం తెలుసు? అందుకే ఆయన వస్తే వదిలేదాన్ని కాదు. అంత పెద్ద ఓడకు బ్రేకు ఉంటుందా? ఎదురుగా ఇంకొకటి వస్తే ఎట్లా?

బ్రేకు ఉండదట! ఆగాలంటే మైలు ముందే అనుకోవాలట. అందుకని ఓడలు కూతలతో మాట్లాడుకుంటాయట. ఒక పొట్టి కూత... కుడికి తిరుగుతున్నా. రెండు... ఎడమకు. మూడు... ఇంజను వెనక్కి నడుపుతున్నా. ఐదు గబగబా కూస్తే... నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు, అని.

నాకు బాగా నచ్చింది దాటే పద్ధతి. ఇరుకు దారిలో వెనక ఓడ ముందుగా అడగాలి. రెండు పొడుగు కూతలు, ఒక పొట్టిది... నీ కుడి పక్క నుంచి పోతా. ముందున్నది ఒప్పుకుంటే పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని జవాబిచ్చి, పక్కకు జరిగి దారి ఇస్తుంది.

జవాబు రాకపోతే? అని అడిగాను.

"రాకుంటే ఆగాలె బిడ్డా. అడిగినోళ్ళకు ఓపిక ఉండాలె" అన్నాడు.

ఆ మాట పట్టుకున్నాను నేను...

ఆయన తిరిగి ఓడెక్కిన వారానికి, కట్ట మీద నా ముందు ఖాజా తాత గడ్డి బండి పోతోంది. మా ఊరి రైతే. హారన్ నొక్కాను... రెండు పొడుగు, ఒక పొట్టి. జవాబు లేదు. కాసేపాగి మళ్ళీ నొక్కాను. లేదు. నోరు తెరిచి 'జరుగు తాతా' అంటే అయిపోయేది. కానీ పెద్దమనిషిని జరగమనడం కన్నా ఇట్లా అడగడమే మర్యాద అనిపించింది. ఎడ్ల నడకతో పాటే కట్టంతా నడిచాను, సైకిల్ నెట్టుకుంటూ...

కట్ట దిగాక తాత వెనక్కి చూశాడు. "ఏంది బేటీ, మొదల్నుంచి పీంపీం అంటనే ఉన్నవ్. ఆడుకుంటున్నవా?"

"దారి అడుగుతున్న తాతా. నువ్వు జవాబియ్యలే."

"గా జవాబేందో నాకెవలు జెప్పిండ్రు?"

బడికి పోయేసరికి మొదటి పీరియడ్ అయిపోయింది. రేపు మీ నాయిన్ని తీసుకురమ్మన్నారు సారు.

సాయంత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. నాయిన లేచి పోయి సైకిల్‌కు గొలుసు వేసి తాళం పెట్టాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని, ప్రభువా ఈ ఒక్కసారికి, అని మనసులోనే వేడుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు మా ఇంటి ముందు నుంచి పోతున్న ఖాజా తాత, సైకిల్‌కు గొలుసు చూసి లోపలికి వచ్చాడు. పొద్దున సంగతి అంతా నాయినకు చెప్పి, తప్పు తనదేనన్నాడు. "కట్టంత అడుక్కుంటనే వచ్చింది. అడిగి ఆగే పిల్లకు సైకిల్ ఇయ్యకుంటే ఇంకెవలకిస్తవ్ భాయ్?" తర్వాత నా వైపు తిరిగి, ఆ జవాబేదో తనకూ నేర్పమన్నాడు.

నోటితోనే చేసి చూపించాను. నాయిన నా పక్కకు జరిగి కూర్చున్నాడు. 

"ఇంగోసారి జెప్పు. పొడుగు ముందా, పొట్టి ముందా?"

తాళం చెవి నా చేతికొచ్చింది. మరునాడు సారుతో నాయినే మాట్లాడాడు.

రెండు రోజులకు మళ్ళీ కట్ట మీద అదే బండి. రెండు పొడుగు, ఒక పొట్టి నొక్కాను. గడ్డి మోపుల అవతల నుంచి... "హోఓఓ... హో... హోఓఓ... హో..." ఎడ్లు ఎడమకు జరిగాయి. పదో తరగతి పాసయ్యేదాకా ఆ జవాబు నాకు ఎన్నిసార్లు వచ్చిందో...

ఇప్పుడు ఆదివారం ప్రార్థనకు మా ఆయన స్కూటర్ వెనక కూర్చుని కొంపల్లి మీదుగా పోతుంటే, హారన్లు లెక్కపెట్టడం అలవాటైంది. రెండు పొడుగు, ఒక పొట్టి ఇంతవరకు వినపడలేదు. ఎటు విన్నా ఐదు గబగబా కూతలే... నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదని ఒకరికొకరు చెప్పుకుంటున్నట్టు.

మీ ఊరి ఇరుకు దారుల్లో, ముందున్నవాళ్ళను దారి ఎట్లా అడిగేవారు? వాళ్ళు ఏమని జవాబిచ్చేవారు? నాకు తెలుసుకోవాలని ఉంది... రాయండి. నేను ఆగుతాను.