సిద్రక్క వేసిన ముడి

సిద్రక్క కంటికి వదులుగా ఏదీ కనిపించకూడదు. కనిపిస్తే కట్టేస్తుంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అలా కట్టడాన్ని మా సెబువానో భాషలో ఏ మాటతో చెప్పాలో, ఆ మాట మన నోట సరిగ్గా అనిపించి గాని వదలదు.

మా లుంబాయన్ రేవులో ఆమెది పుసో కొట్టు. కొబ్బరాకుతో అల్లిన చిన్న చిన్న బుట్టల్లో ఉడికించిన అన్నం, పక్కనే పొగలు కక్కే చేప పులుసు. రుచికి లోటు లేదు, తినడమే కష్టం. చెంచా గిన్నెకు కట్టి ఉంటుంది, గిన్నె బల్లకు కట్టి ఉంటుంది, బల్ల స్తంభానికి కట్టి ఉంటుంది. గొడుగు పక్కన ఆనించి తినడానికి కూర్చున్నవాడు, లేచి గొడుగు అందుకునేసరికి బల్లంతా ఊగి నలుగురి ఒళ్ళో పులుసు పడేది.

“అక్కా, ఈ గొడుగు ఎందుకు కట్టావు?” అంటే, “గాలికి పోతే ఎవరిదిరా పూచీ?” అనేది. గాలికి ఆకు కూడా కదలని రోజున కూడా అదే జవాబు.

ఒకసారి సంతకు వచ్చిన పై ఊరి మనిషి ఒకాయన తన మేకను కొట్టు ముందు నిలబెట్టి, “అక్కా, దీన్ని కాస్త హిగొట్ చెయ్యవా” అన్నాడు. గరిటె పక్కన పెట్టింది సిద్రక్క.

“మేకనుకున్నావా, మూటనుకున్నావా? మూటను చేసేది హిగొట్. మేకను రాటకు కడితే దాన్ని హికొట్ అంటారు.”

“ఒక్క అక్షరమే కదా అక్కా తేడా!”

“ఆ ఒక్క అక్షరంలోనే మేక అటూ ఇటూ తిరిగి గడ్డి తినేది! నువ్వు చెప్పినట్టు కడితే అది ఊపిరాడక చస్తుంది. ఏదీ, మళ్ళీ అను.”

ఈ పాఠం పూర్తయ్యేసరికి మేక వెళ్ళి, మేం కెప్టెన్ అని పిలిచే ఊరి పెద్ద పెరట్లో బెండ మొక్కల్ని పూర్తి చేసింది.

ఫాదర్ అనాక్లేతో మా దీవికి కొత్తగా వచ్చినప్పుడు ఇంకా పెద్ద గొడవైంది. ఆయనది ఉత్తరాది, మా భాష ఆయనకు కొత్త. గుడ్ ఫ్రైడే నాడు ఇంగ్లీషు పుస్తకం దగ్గర పెట్టుకుని, కష్టపడి మా భాషలోకి మారుస్తూ, “సైనికులు ప్రభువును హికొట్ చేశారు” అన్నారు. గుడి నిండా జనం, అందరి కళ్ళలో నీళ్ళు. మూడో వరుసలోంచి సిద్రక్క లేచి నిలబడింది.

“ఫాదర్! ప్రభువేమైనా మేకా?”

ఫాదర్ బిత్తరపోయారు. “అయితే హిగొట్ చేశారు” అని సర్దుకున్నారు.

“బియ్యం మూటా? మనిషి కాళ్ళూ చేతులూ కడితే గపోస్ అంటారు ఫాదర్. గపోస్!”

“అమ్మా, ఇంగ్లీషులో అన్నిటికీ ‘టై’ అని ఒకటే మాట ఉంది.”

“అంటే వాళ్ళు మేకనీ, మూటనీ, ఖైదీనీ ఒకేలా కడతారా? పాపం, ఆ దేశంలో మేకలు ఎలా బతుకుతున్నాయో!”

మేం ముడి విప్పడాన్నీ, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చడాన్నీ హుబాద్ అనే అంటాం. సిద్రక్క కూర్చుంటూ, “హుబాద్ చేతకానప్పుడు ముడి జోలికి పోకూడదు” అని గొణిగింది. ఆమె గొణుగుడు వెనక వరుస దాకా వినబడుతుంది. ఆ ఏడాది మా ఊళ్ళో గుడ్ ఫ్రైడేకి నవ్వు ఆపుకోలేక అందరూ చేతిగుడ్డల్లో ముఖాలు దాచుకున్నారు. భక్తితో పొంగిపోయారనుకుని ఫాదర్ సంతోషించారు.

ఇక నా పెళ్ళి. పెళ్ళిలో వధూవరుల భుజాల మీద తెల్లటి తాడొకటి వేస్తారు. ఊరికే వేస్తారు, ప్రార్థన కాగానే తీసేస్తారు. ఆ తాడు వేసే పెద్దరికం సిద్రక్కకు ఇద్దామన్నది మా అమ్మ. ఆమె తాడు వేసింది, ఒకసారి వెనక్కి వెళ్ళి తేరిపార చూసింది. వదులుగా కనిపించింది కాబోలు, ముందుకొచ్చి ముడి వేసింది. గట్టి ముడి. ఫాదర్ పది వేళ్ళూ పెట్టి లాగినా రాలేదు.

“అక్కా, ఇది ఊరికే గుర్తుకోసం వేసే తాడు!” అన్నాను.

“ముడి లేని తాడుకి గుర్తెక్కడుంటుందిరా తోన్!”

నేనూ పెళ్ళికూతురు కొరింగూ అలాగే ఒక తాట్లో నడిచి విందుకు వెళ్ళాం, అలాగే పంది మాంసం తిన్నాం, అలాగే నాట్యం చేశాం. జనం చప్పట్లు కొట్టారు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. పడవల సంగతి మాత్రం నవ్వులాట కాలేదు.

మేం సాయంత్రం పడవలు రేవు గుంజలకు కట్టి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. తెల్లారి వచ్చేసరికి కొన్నిటి తాళ్ళ మీద ఇంకో ముడి ఉండేది. దాన్ని విప్పడం, వేసిన సిద్రక్కకు తప్ప ఎవరి తరమూ కాదు. కోసెయ్యకపోయారా అంటారేమో. మా తోటి జాలరి గౌదిన్ కోశాడు. తెగిన కొసలు రెండూ కలిపి ఆమె సాయంత్రానికి రెండు ముడులు వేసింది. కొయ్యగా కొయ్యగా గౌదిన్‌కు తాడు మిగల్లేదు, ముడులే మిగిలాయి.

చేసేదేముంది, కొట్టు దగ్గరికి వెళ్ళి నిలబడాలి.

“అక్కా, విప్పు.”

“కూర్చో. పులుసు తాగు.”

“ఆకలిగా లేదు.”

“నేను ఆకలి గురించి అడిగానా?”

వేడి పులుసు తాగి, పుసో తిని, చెమట పట్టాక మన ముఖంలోకి ఒకసారి చూసి అప్పుడు వచ్చి విప్పేది. చిటికెలో విప్పేది, అదింకా ఒళ్ళు మండించేది. ఇదంతా పుసోలు అమ్ముకోవడానికి వేసిన ఎత్తని మగవాళ్ళందరం తీర్మానించుకున్నాం.

మా ఊరి పండగ జరిగిన మర్నాడు అసలు గొడవ వచ్చింది. పండగనాడు మధ్యాహ్నం మొదలుపెట్టి కొబ్బరి కల్లు కడవలకొద్దీ తాగాం. తెల్లవారుతుండగా, “తులింగన్ చేపలు! రేవు ముందే!” అని కేకలు. పరుగెత్తుకెళ్ళి చూస్తే నీళ్ళ మీద పక్షులు గుంపులుగా వాలుతున్నాయి, చేపలు వెండిలా ఎగురుతున్నాయి. పడవలు మాత్రం ముడుల్లో ఉన్నాయి.

“అక్కా, విప్పు! తొందరగా!” అని అరిచాడు గౌదిన్.

సిద్రక్క నడుం మీద చేతులు పెట్టుకుని రేవు గట్టుకూ పడవకూ మధ్యనున్న పలక చూపించింది. “దీని మీద తిన్నగా నడువు. విప్పుతాను.”

గౌదిన్ రొమ్ము విరుచుకుని నడిచాడు. రెండడుగులు పలక మీద వేశాడు, మూడోది నీళ్ళలో వేశాడు.

“కావాలనే దూకాను!” అన్నాడు పైకి తేలి.

“మళ్ళీ దూకు, ఒళ్ళు చల్లబడుతుంది” అంది సిద్రక్క. మేం ఎంత బతిమాలినా, ఎన్ని తిట్లు తిట్టినా ఆమె కదల్లేదు. మా కళ్ళముందే పక్క ఊరి పడవలు వచ్చి చేపలు నింపుకుని, మాకు చేతులూపుకుంటూ వెళ్ళిపోయాయి.

ఆ చేతులూపడాన్ని మాత్రం మేం భరించలేకపోయాం. కొట్టు రేవులోంచి తీయించెయ్యాల్సిందే అని కెప్టెన్ క్రిసాంతో దగ్గర ఫిర్యాదు పెట్టాం. బాస్కెట్‌బాల్ కోర్టులో విచారణ. ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు ఒక పక్కన, ఎందుకో ఎవరి ముఖం ఎవరూ చూసుకోకుండా కూర్చున్నారు.

గౌదిన్ లేచాడు. “కెప్టెన్ గారూ, ఈవిడ మా పడవల్ని గపోస్ చేసింది!”

“పడవకి చేతులున్నాయా?” అంది సిద్రక్క. “ఆ మాట మార్చుకుంటే గాని నేను జవాబు చెప్పను.”

కెప్టెన్ తల పట్టుకున్నాడు. “సరే, హిగొట్...” అని, ఆమె చూపు చూసి, “హికొట్, హికొట్ చేసింది. చేశావా, లేదా?”

“చేశాను.”

“ఎందుకు?”

“వదులుగా ఉన్నాయి.”

“అబద్ధం! నా చేతులతో నేనే బిగించి కట్టాను!” అన్నాడు గౌదిన్.

“పడవలు వదులుగా ఉన్నాయని ఎవరన్నారు?”

కోర్టంతా గొల్లున నవ్వింది. కెప్టెన్ బల్ల మీద కొట్టాడు. “సిద్రక్కా, నీకు చివరిమాట చెబుతున్నాను. ఇకమీద పడవల జోలికి రానని మాటివ్వు. కొట్టు అక్కడే ఉండనిస్తాను.”

“ఇవ్వను.”

“ఎందుకివ్వవు?”

“మాట కూడా ముడే కదా. వేస్తే ఉంచాలి. ఉంచలేను కాబట్టి వెయ్యను.”

“పోనీ నీచేత ఎవరైనా చేయిస్తున్నారా? చెప్పు. చెబితే నీ తప్పు తగ్గుతుంది.”

“నా చేతులు, నా తాడు. మధ్యలో ఎవరూ లేరు. కొట్టు తీసెయ్యండి. కొండ మీద పెట్టుకుంటాను.”

కొండ మీద పుసోలు కొనేది కోతులే. అది ఆమెకూ తెలుసు. కెప్టెన్ తీర్పు చెప్పడానికి లేచాడు.

“ఆగండి” అని ఆడవాళ్ళలోంచి ఒక గొంతు. “మా ఆయన పడవ కట్టమన్నది నేను.”

ఆ ‘మా ఆయన’ ఎవడా అని నేను నవ్వుతూ అటూ ఇటూ చూశాను. నిలబడి ఉన్నది కొరింగ్.

“తాగిన మర్నాడు సముద్రం మీదికి వద్దంటే వింటాడా? నేను చెబితే నస అంటాడు. ముడి కనబడితే నోరు మూసుకుని కూర్చుని పులుసు తాగుతాడు, తేరుకుంటాడు, తిరిగొస్తాడు. అందుకని నేనే వెళ్ళి అడిగాను. ఎవరికీ చెప్పొద్దన్నాను.”

గౌదిన్ భార్య సెలింగ్ ఆమె వైపు తిరిగింది. “అదేంటే, నువ్వు కూడానా? నేనొక్కదాన్నే అడిగాననుకున్నాను!”

“నేనూ అలాగే అనుకున్నానే!” అంది ఇంకొకావిడ. ఇంకొకావిడ లేచింది. ఆమె వెనక ఇంకొకావిడ. ఏ పడవ మీద ముడి పడిందో ఆ పడవ తాలూకు ఇల్లాలు లేచి నిలబడుతోంది. మేమంతా మా కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నాం.

“నోళ్ళు మూసుకుని కూర్చోండని ఒక్కొక్కదానికీ చెప్పానా లేదా!” అని సిద్రక్క వాళ్ళమీద విరుచుకుపడింది. “అంత గట్టిగా బిగించి దాస్తే, అంతా విప్పి ఆరబోశారు!”

అప్పుడు కెప్టెన్ భార్య విదాంగ్ మెల్లిగా దగ్గింది. కెప్టెన్‌కూ ఒక పడవుంది.

“విదాంగ్, నువ్వు దగ్గకు” అన్నాడు కెప్టెన్.

విదాంగ్ ఇంకోసారి దగ్గింది.

“ఫిర్యాదు కొట్టేశాను!” అని కెప్టెన్ గబగబా కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను కొట్టుకి వెళ్ళాను. సిద్రక్క మామూలుగానే పులుసు పోసింది.

“ఇన్నాళ్ళూ మేం నిన్ను అన్నన్ని మాటలన్నాం. కొరింగ్ అడిగిందని ఒక్క ముక్క చెబితే పోయేది కదక్కా?”

“చెబితే నువ్వు ఇంటికెళ్ళి దాని మీద అరుస్తావు. నా మీద అరిస్తే ఏమవుతుంది? అరిచి అరిచి ఆకలేస్తుంది. ఇంకో పుసో తింటావు.”

ఇంకో పుసో తిన్నాను. తిని, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని బల్ల మీదికి వంగాను.

“అక్కా, మా బావమరిది కొత్తగా మోటార్ సైకిల్ కొన్నాడు. కొండ మలుపుల్లో వాడు తోలేది చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. నేను అడిగానని వాడికి తెలిస్తే...”

“ఏం అడిగావు? నాకేం వినబడలేదు” అంది సిద్రక్క. అంటూనే బల్ల కింది గంపలో చెయ్యి పెట్టి, తాళ్ళలోకెల్లా లావుపాటిది చూసి తీసింది.