జ్ఞాననేత్రకి అత్తయ్య రాసిన ఉత్తరం

కుక్క పడుకోబోయే ముందు చుట్టూ ఎందుకు తిరుగుతుందని మొన్న మా అమ్మాయి ఫోన్‌ని అడిగింది. ఫోన్ తడుముకోకుండా చెప్పేసింది. అంత ధీమాగా జవాబులు చెప్పగలవాణ్ణి అంతకుముందు ఒక్కణ్ణే ఎరుగుదును: మా మావయ్య.

తొంభైల చివర్లో మావయ్య ఓ వారపత్రికలో ‘జ్ఞాననేత్ర’ పేరుతో పాఠకుల సందేహాలు తీర్చేవాడు. కళ్ళజోడు తీస్తే వాకిట్లో నిలబడింది ఆవో ఆడపడుచో పోల్చుకోలేని మనిషికి ఆ పేరు పెట్టింది నేనే. ఆ పత్రికకి నేను టెక్కలి విలేకరిని. జీతం ఉండేది కాదు, గుర్తింపు కార్డు ఉండేది. ఉత్తరాల కట్ట పట్టుకుని ఉద్దానంలో ఆయన కొబ్బరితోటకి వెళ్తే, నులకమంచం మీద బోర్లా పడుకుని, బల్లి గోడ మీంచి ఎందుకు జారదో, సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందో రాసిచ్చేవాడు. తెలియదన్న మాట ఆయన కలానికి తెలియదు. జ్ఞాననేత్ర ఆయనేనన్న రహస్యం అత్తయ్యకి కూడా తెలియదు. ఇంట్లో ఆయన ఏం చెప్పినా “నీకేటి తెలుసు, ఊరుకో” అనే అత్తయ్య, అచ్చులో వస్తే అదే మాటని కళ్ళకద్దుకునేది. ఈ కిటుకు మావయ్య త్వరలోనే కనిపెట్టాడు. పనసతొనలు తిన్నాక టీ తాగితే ప్రాణం మీదికొస్తుందని ఓసారి అత్తయ్య ఆయన చేతిలో గ్లాసు లాక్కుంది. పై ఆదివారం ‘ఒక సోదరి, జలంత్రకోట’ సరిగ్గా అదే సందేహం వెలిబుచ్చింది. నిక్షేపంగా తాగవచ్చునని జ్ఞాననేత్ర తీర్పిచ్చాడు.

“సూసినావా, సదువుకున్నోడంటే ఆయన. నువ్వూ ఉన్నావు” అంటూ అత్తయ్య టీ తెచ్చిచ్చింది.

“మహానుభావుడు. ఆయన సెప్పినాడంటే నాను మారుమాటాడను” అన్నాడు మావయ్య, టీ ఊదుకుంటూ. ఆ మాటే ఆయన కొంప ముంచింది.

ఆ యేడు ఆయన పాదాలు ఉబ్బసాగాయి. సోంపేట వెళ్ళి రక్తం చూపించుకోమని అత్తయ్య పోరు. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా వైపు, అది పరీక్ష చేయించుకున్నవాళ్ళకే వస్తుందని ఒక నమ్మకం. వెళ్ళినవాళ్ళలో చాలామంది జబ్బు పేరుతో తిరిగిరావడమే అందుకు రుజువు. బల్లి రహస్యం విప్పిన జ్ఞాననేత్రదీ ఇదే సిద్ధాంతం.

ఓ వారం కట్టలో తెలిసిన దస్తూరీ కనిపించింది. “అయ్యా, మా ఇంటాయన కాళ్ళు పొంగినాయి. ఆస్పత్రికి ఎల్లమంటే ఇనడు. తమరి మాటంటే ఏదం. ఒక్క ముక్క పేపర్లో రాత్తే ఎల్తాడు. ఊరి పేరు ఎయ్యకండి, ఆయనకి తెలిత్తే నా మీద లేత్తాడు.”

మావయ్య రెండుసార్లు చదివాడు. “తప్పులున్నాయిరా” అన్నాడు చివరికి. “ఇది ఎయ్యకు, అల్లుడూ.”

“పాఠకురాలి ప్రశ్న మావయ్యా. జవాబు తెలీదని వేసెయ్యమంటావా?”

ఆయన కళ్ళజోడు తీసి, అవసరానికి మించి తుడిచాడు. తర్వాత రాసిచ్చాడు: “సోదరీ, మీరు చెప్పిందే సరైనది. సోమవారం ఉదయమే తీసుకువెళ్ళండి.”

ఆదివారం అత్తయ్య పత్రిక తెచ్చి ముందు పెట్టి “సదువు” అంది. మావయ్య తన తీర్పు తనే పైకి చదువుకుని, “ఎవురో పాపం” అన్నాడు.

“ఎవురైతే ఏటి? రేపు సోమారం” అంది అత్తయ్య.

సోంపేటలో జబ్బు ఉందన్నారు, ఇంకా మొదట్లోనే ఉందనీ అన్నారు. ఉప్పు తగ్గించిన కూరల మీద గొణుగుతూ మావయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు తోటకి నడిచివెళ్ళాడు. తాను ఉత్తరం రాసింది ఎవరికో అత్తయ్యకి చివరిదాకా తెలియదు. కాలాన్ని ఆపడం ఎవరి తరమూ కాదంటారు. ఐదో తరగతి వరకే చదివిన అత్తయ్య దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి, కొన్నేళ్ళపాటు మాటల్లో పెట్టడం నేను చూశాను.