అమ్మేసిన బర్రె పాలు

మా అత్త ఆపరేషన్‌కు చేసిన అప్పు కింద ఉప్పుగూడలోని మా బర్రెలు రెండూ అమ్మేశాం. అంతకుముందు గల్లీ అంతా మా ఇంటి పాలే తాగేది. బర్రెలు పోయినా అప్పు తీరలేదు. ఇంట్లో ఒక్కొక్కటే తగ్గిస్తూ వచ్చాను. కూలర్ ఆపేశాను, కేబుల్ తీయించాను, చివరికి పాల ప్యాకెట్ కూడా మానేశాను. పిల్లలకు నల్ల చాయ్ పోస్తుంటే వాళ్ల ముఖం చూడలేకపోయేదాన్ని.

ఒక పొద్దున బర్రెలు కొన్న ఫలక్‌నుమా ఆయన వచ్చి మా మామను బతిమాలాడు.

"బాపూ, పెద్ద బర్రె నా చేతికి పాలు చేపుతలేదు. జర వచ్చి పిండుండ్రి."

మామ చెప్పులేసుకుని వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయనిచ్చిన పాలు చెంబు నిండా తెచ్చాడు. పిల్లలిద్దరూ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. నేను పాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. మామ వంగి స్టవ్ ఆర్పేశాడు.

"వద్దు బిడ్డా. పక్కింట్ల పోసి పైసలు తీస్కో. గ్యాస్ అయిపోవచ్చింది."

"పిల్లలకు జరంత ఉంచుత, మామా."

"ఇయ్యాల తాగితే రేపు గూడ అడుగుతరు. రేపు యాడికెళ్లి తెస్తం?"

చిన్నది గుక్కపట్టి ఏడుస్తుంటే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాను. ఆమె సంబరంగా డబ్బులిచ్చింది.

"మీ బర్రె పాలేనా? మస్తుంటయి!"

డబ్బులు కొంగున ముడేసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మామ ఖాళీ చెంబులో కాసిన్ని నీళ్లు పోసి, గిలకరించి, ఆ తెల్లటి నీళ్లు పిల్లలకు చెరో గుక్క తాగిస్తున్నాడు.